తీసుకున్న తుపాకీ, ఇవ్వని పౌరసత్వం: భగత్ సింగ్ థింద్ జీవితం

అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్న మనవాళ్ళందరం ఒక ప్రమాణం చేసినవాళ్ళమే. కుడిచెయ్యి పైకెత్తి, అధికారి చెప్పిన మాటలను వెంట చెప్పాం. పాత దేశం మీది విధేయతను వదులుకుంటున్నామన్న మాటతో పాటు, చట్టం కోరినప్పుడు అమెరికా తరఫున ఆయుధం పడతామన్న మాట కూడా అందులో ఉంది. మతవిశ్వాసం అడ్డువచ్చేవారికి ఆ మాట చెప్పకుండా ఉండే వెసులుబాటు ఉంది గానీ, మనలో ఎక్కువమంది దాని జోలికి పోరు. ఆ రోజున మన ధ్యాస చేతికి రాబోయే సర్టిఫికెట్ మీద, ఆ తర్వాత పెట్టుకోవలసిన పాస్‌పోర్ట్ అప్లికేషన్ మీద ఉంటుంది.

ఆ ఆయుధం మాట మళ్ళీ గుర్తుకొచ్చేది ఇంట్లో మగపిల్లవాడికి పద్దెనిమిదేళ్ళు నిండినప్పుడు. 1973 నుంచి ఈ దేశంలో ఎవరినీ బలవంతంగా సైన్యంలోకి తీసుకోవడం లేదు. అయినా 18 నుంచి 25 ఏళ్ళ వయసున్న మగపిల్లల పేర్లు, పౌరులైనా సరే గ్రీన్‌కార్డు మీద ఉన్నా సరే, సెలెక్టివ్ సర్వీస్ జాబితాలో ఉండాలన్నది చట్టం. యుద్ధవార్తలు వచ్చినప్పుడల్లా మన విందుల్లో ఒక ప్రశ్న తలెత్తుతుంది. అవసరమొస్తే మనం, మన పిల్లలు ఈ దేశం కోసం పోరాడతామా? కొందరు వెంటనే ఔనంటారు. కొందరు ఇప్పుడా మాటెందుకని సంభాషణను సినిమాల మీదికి మళ్ళిస్తారు.

ఈ ప్రశ్నకు మనకంటే చాలా ముందే తన జీవితంతో జవాబు చెప్పిన భారతీయుడు ఒకరున్నారు. ఆయన పేరు భగత్ సింగ్ థింద్. ఉరికంబమెక్కిన భగత్ సింగ్ మనకందరికీ తెలుసు. ఈ భగత్ సింగ్ పేరు మాత్రం ఎక్కువగా అమెరికా న్యాయశాస్త్ర పుస్తకాల్లోనే కనిపిస్తుంది. ఆయన కథ మన ప్రతి ఇంట్లోనూ తెలియవలసిన కథ అని నా నమ్మకం.

రంపపు మిల్లుల రోజులు

థింద్ 1892 అక్టోబరు 3న పంజాబులోని అమృత్‌సర్ జిల్లాలో ఒక సిక్కు కుటుంబంలో పుట్టారు. అమృత్‌సర్ ఖాల్సా కాలేజీలో చదువుకున్నారు. ఎమర్సన్, థోరో, విట్మన్ వంటి అమెరికన్ రచయితల పుస్తకాలు అప్పుడే ఆయన చేతికి వచ్చాయి. ఆ పుస్తకాల్లోని దేశాన్ని చూడాలన్న కోరికతో బయలుదేరి 1913 జూలై 4న సియాటిల్‌లో దిగారు. అది అమెరికా స్వాతంత్ర్యదినం.

పుస్తకాల్లోని అమెరికా వేరు, రేవులో ఎదురైన అమెరికా వేరు. అంతకు ఆరేళ్ళ ముందు, 1907లో, అదే వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో భారతీయ కూలీల మీద అల్లరిమూకలు దాడిచేసి ఊరినుంచి తరిమేశాయి. సిక్కులైనా, ముస్లింలైనా, హిందువులైనా అప్పట్లో భారతీయులందరినీ ఇక్కడ హిందువులనే పిలిచేవారు. తక్కువ కూలికి పనిచేసి తమ పొట్ట కొడుతున్నారన్నది తెల్ల కార్మికుల కోపం. థింద్ కూడా ఒరెగాన్‌లోని ఆస్టోరియా ప్రాంతంలో కలప మిల్లుల్లో పనిచేశారు.

ఆ ఆస్టోరియాకు మన స్వాతంత్ర్యపోరాట చరిత్రలో చోటుంది. గదర్ పార్టీకి పునాది పడిన ఊళ్ళలో అది ఒకటి. 1913లో పసిఫిక్ తీరంలోని మిల్లుకూలీలు, రైతులు, విద్యార్థులు కలిసి, బ్రిటిష్ పాలనను ఆయుధంతో కూలదోయాలన్న లక్ష్యంతో ఆ పార్టీ పెట్టారు. ఆ ఏడాది నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పత్రిక మొదలైంది. మరుసటి ఏడు ప్రపంచయుద్ధం రాగానే వందలమంది ఓడలెక్కి పోరాటానికి మనదేశం వెళ్ళిపోయారు. వారిలో కర్తార్ సింగ్ సరాభాను 1915లో లాహోరులో ఉరితీశారు. అప్పటికి ఆయన వయసు 19 ఏళ్ళు.

వారిలో మన తెలుగువారూ ఉన్నారు. కనిగిరి వాస్తవ్యులు దరిశి చెంచయ్య గారు ఆ రోజుల్లోనే వచ్చి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ గదర్ పార్టీలో చేరారు. యుద్ధకాలంలో పార్టీ పనిమీద ఆసియాకు వెళ్ళి పట్టుబడి, ఏళ్ళ తరబడి జైలుశిక్ష అనుభవించారు. తన ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరు నేనూ నా దేశం. ఆ కాలపు ప్రవాస భారతీయుడికి దేశం కోసం పోరాడతావా అన్న ప్రశ్న మాటల్లో తేలిపోయేది కాదు. జవాబు చెప్పాలంటే ఓడెక్కాలి.

థింద్‌కు గదర్ నాయకులతో స్నేహం ఉంది. భారతదేశం భారతీయులదే కావాలని ఆయన బాహాటంగా కోరుకున్నారు. కానీ ఆయన ఓడ ఎక్కలేదు. ఆయన జీవితం వేరే దారి పట్టింది.

ఒంటిమీద యూనిఫాం, తలమీద తలపాగా

అమెరికా 1917 ఏప్రిల్‌లో యుద్ధంలోకి దిగింది. ఆ ఏడాది చివర్లోనే, జర్మనీతో కలిసి కుట్ర చేశారన్న ఆరోపణ మీద గదర్ నాయకులపై శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద విచారణ మొదలైంది. అది 1918 ఏప్రిల్ దాకా సాగింది. ఆఖరి రోజుల్లో కోర్టు గదిలోనే రామచంద్ర అనే గదర్ నాయకుణ్ణి తోటి ముద్దాయి ఒకడు కాల్చి చంపాడు. ఆ దెబ్బతో అమెరికాలోని భారతీయులందరి మీదా అనుమానపు నీడ పడింది.

ఆ తర్వాత మూడు నెలలకు, 1918 జూలై 22న, ఇరవై అయిదేళ్ళ థింద్ అమెరికా సైన్యంలో చేరారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని క్యాంప్ లూయిస్‌లో ఆయన శిక్షణ. ఆనాటి ఫోటోల్లో తోటి సిపాయిల మధ్య, సైనిక దుస్తుల్లో, గడ్డంతో, తలపాగాతో నిలబడి కనిపిస్తారు. నవంబరు 8న ఆయనకు యాక్టింగ్ సార్జెంట్ హోదా ఇచ్చారు. మూడు రోజులకే యుద్ధం ముగిసింది. ఆయన సముద్రం దాటి యుద్ధరంగానికి వెళ్ళవలసిన అవసరం రాలేదు.

సైన్యంలో ఉన్న విదేశీయులకు పౌరసత్వం త్వరగా ఇచ్చేందుకు 1918 మే నెలలో ఒక చట్టం వచ్చింది. దాని ఆసరాతో థింద్ దరఖాస్తు పెట్టుకున్నారు. 1918 డిసెంబరు 9న, యూనిఫాంలోనే కోర్టుకు వెళ్ళి పౌరసత్వ పత్రం అందుకున్నారు. నాలుగు రోజుల తర్వాత, డిసెంబరు 13న, దాన్ని రద్దు చేశారు. ఆయన తెల్లవారు కారన్నది కారణం. డిసెంబరు 16న సైన్యం ఆయనను గౌరవపూర్వకంగా విడుదల చేసింది. ఆ కాగితం మీద ఆయన నడవడి అత్యుత్తమమని రాసింది.

ఈ మూడు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. పౌరసత్వం లాగేసుకున్నాక కూడా మూడు రోజులపాటు ఆయన ఈ దేశపు సైనికుడే. తుపాకీ పట్టడానికి పనికివచ్చిన మనిషి ఓటు వేయడానికి పనికిరాలేదు.

రెండో గెలుపు, పెద్ద ఓటమి

థింద్ ఊరుకోలేదు. మరుసటి ఏడు, 1919 మేలో, పక్క రాష్ట్రమైన ఒరెగాన్‌లో మళ్ళీ దరఖాస్తు పెట్టారు. ఈసారి ఇమిగ్రేషన్ అధికారులు రంగుతో పాటు గదర్ స్నేహాలను కూడా తవ్వి తీశారు. ఫెడరల్ జడ్జి చార్లెస్ వుల్వర్టన్ అన్నీ విన్నారు. ఈ మనిషి తన పుట్టినదేశానికి స్వాతంత్ర్యం కోరుకుంటున్న మాట నిజమే గానీ సాయుధ విప్లవాన్ని సమర్థించడం లేదని, ఈ దేశపు రాజ్యాంగం మీద ఆయనకున్న అభిమానం నిజమైనదేనని తేల్చి, 1920 నవంబరులో పౌరసత్వం మంజూరు చేశారు. పుట్టిన నేల మీది ప్రేమ, ఉన్న నేల మీది విధేయత ఒకే గుండెలో ఇమడగలవని ఆ న్యాయమూర్తి ఒప్పుకున్నట్టే. ఇండియా క్రికెట్ గెలిస్తే ఎగిరి గంతేసే మనకు ఆ తీర్పు విలువ బాగా తెలుస్తుంది.

ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 1790 నాటి చట్టం ప్రకారం స్వేచ్ఛగా ఉన్న తెల్లవారికే పౌరసత్వం. అంతర్యుద్ధం తర్వాత, 1870లో, ఆఫ్రికా సంతతివారిని కూడా చేర్చారు. ఆసియావారి ఊసు లేదు. కాబట్టి ఇక్కడ స్థిరపడాలనుకున్న ఆసియావాసికి తాను తెల్లవాడినని నిరూపించుకోవడం తప్ప దారి లేకపోయింది.

ఇక్కడ మనకు నచ్చని సంగతి ఒకటి చెప్పుకోవాలి. థింద్ తరఫు వాదనలో ఆయనను అగ్రకులానికి చెందిన ఆర్యుడిగా, అందువల్ల కకేసియన్‌గా నిలబెట్టారు. కింది కులాలవారితో కలవకుండా రక్తశుద్ధి కాపాడుకున్నామన్నది ఆ వాదనలో ఒక మెట్టు. కులభేదం కూడదన్న సిక్కు ధర్మంలో పుట్టినవాడి తరఫున ఈ మాట వినిపించడం బాధాకరం. ఆనాటి చట్టం అలాంటి వాదనలకే తలుపు తెరిచిపెట్టిందన్నది నిజం. ఇంకొకరిని కిందికి తోసి తాను పైమెట్టు ఎక్కాలనుకునే వాదన అదన్నదీ నిజమే. ఇన్నేళ్ళయినా మన సంఘాల్లో కులం పేరిట చీలికలు చూస్తూనే ఉన్నాం కాబట్టి, ఈ పేజీని దాటవేయకుండా చదవాలి.

ఆ మెట్టు ఆయనను పైకి చేర్చలేదు కూడా. అంతకు మూడు నెలల ముందే, 1922 నవంబరులో, తకావో ఒజావా అనే జపనీయుడి కేసులో తెల్లవాడంటే కకేసియన్ అని అదే కోర్టు చెప్పింది. ఒజావా కకేసియన్ కాదు గనక ఆయనకు పౌరసత్వం లేదంది. థింద్ కకేసియన్ వర్గీకరణలోకి వస్తారని పుస్తకాలు చూపించేసరికి, శాస్త్రవేత్తల వర్గీకరణతో పనిలేదు, మామూలు మనిషి దృష్టిలో తెల్లవాడో కాదో చూడాలంది. 1923 ఫిబ్రవరి 19న తీర్పు వెలువడింది. న్యాయమూర్తులంతా ఏకగ్రీవం. తీర్పు రాసినది జస్టిస్ జార్జ్ సదర్లాండ్. ఆయన కూడా ఇంగ్లండులో పుట్టి చిన్నతనంలో ఇక్కడికి వలస వచ్చినవారే. కోర్టు ముందు పెట్టిన ప్రశ్నలు రెండే. వాటిలో థింద్ చేసిన సైనికసేవ మాటే లేదు.

తీర్పు దెబ్బ ఆయన ఒక్కరితో ఆగలేదు. అప్పటికే పౌరులైన భారతీయులు పదుల సంఖ్యలో పౌరసత్వం పోగొట్టుకున్నారు. కాలిఫోర్నియాలో పౌరులు కాలేనివారికి భూమి కొనే హక్కు లేదు గనక రైతుల బతుకులు తలకిందులయ్యాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపిన వైష్ణోదాస్ బాగాయ్ 1921లో పౌరసత్వం తీసుకుని, బ్రిటిష్ పౌరసత్వం వదిలేసుకున్న మనిషి. ఇక్కడి పౌరసత్వమూ పోయి ఏ దేశమూ లేనివాడయ్యారు. 1928లో ఆత్మహత్య చేసుకున్నారు. థింద్ తరఫున వాదించిన న్యాయవాది సఖారాం గణేశ్ పండిట్ పౌరసత్వం మీదికి కూడా ప్రభుత్వం వచ్చింది. ఆయన పోరాడి గెలిచారు. 1927లో సుప్రీంకోర్టు ఆ గెలుపులో జోక్యం చేసుకోకపోవడంతో మిగిలిన కేసులను ప్రభుత్వం వదిలేసుకుంది.

అదే న్యాయమూర్తి, మరో మనిషి

ఇదంతా చదివాక నాకు ఇంకో కేసు కంటబడింది. డగ్లస్ మాకింటోష్ కెనడాలో పుట్టిన తెల్లజాతి మనిషి, యేల్ విశ్వవిద్యాలయంలో మతశాస్త్ర ఆచార్యుడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల మధ్య మతగురువుగా పనిచేశారు. పౌరసత్వానికి వెళ్ళినప్పుడు, ఏ యుద్ధానికైనా ముందుగానే మాట ఇవ్వలేనని, తన మనస్సాక్షికి న్యాయమని తోచిన యుద్ధంలోనే ఆయుధం పడతానని చెప్పారు. 1931లో సుప్రీంకోర్టు ఆయనకు పౌరసత్వం నిరాకరించింది. ఆ తీర్పు రాసినది కూడా జస్టిస్ సదర్లాండే.

ఒకాయన ఆయుధం పట్టారు, పౌరుడు కాలేకపోయారు. ఇంకొకాయన ఆయుధం పడతానని షరతు లేకుండా చెప్పలేదు, ఆయనా పౌరుడు కాలేకపోయారు. దేశం కోసం పోరాడతావా అన్న ప్రశ్నను ఒకరికి తప్పనిసరి పరీక్షగా పెట్టి, ఇంకొకరిని అడగనైనా అడగకుండా వెనక్కి పంపారు. మా అబ్బాయి కాలేజీలో చేరిన ఏడాది, మనం పోరాడితే మాత్రం ఈ దేశం మనల్ని తనవాళ్ళనుకుంటుందా అని అడిగాడు. వాడికి ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి చూపించాను. పోరాడడానికి మనిషి సిద్ధంగా ఉండాలని అడిగే దేశం, ఆ మనిషిని తనవాడిగా ఒప్పుకోవడానికి కూడా సిద్ధంగా ఉండాలి. ఒకవైపు నుంచే కట్టే వంతెన నిలవదు.

ఆ రెండోవైపు ఎలా కట్టారో చూడడానికి థింద్ బతికే ఉన్నారు. అది మన అదృష్టం.

మూడోసారి

ఓడిపోయాక ఆయన దేశం విడిచి వెళ్ళలేదు. ఊరూరా తిరిగి ఆధ్యాత్మిక విషయాల మీద ఉపన్యాసాలిచ్చారు. సిక్కు గురువుల బోధనలను, మన వేదాంతాన్ని, తాను చిన్నప్పుడు చదివిన ఎమర్సన్, విట్మన్‌లను కలిపి అమెరికన్లకు అర్థమయ్యేలా చెప్పేవారు. తన రంగు చూసి కాదన్న దేశపు ప్రజలకే మనశ్శాంతి దారి చెబుతూ జీవించారు. పుస్తకాలు రాశారు.

ఈలోగా మాజీ సైనికుల కోసం పోరాటం సాగింది. అందులో ముందున్నవారు టోకుటారో స్లోకమ్ అనే జపాన్ సంతతి సైనికుడు. మొదటి యుద్ధంలో ఫ్రాన్స్‌లో పోరాడినా ఆయనకూ పౌరసత్వం లేదు. మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్ మద్దతు కూడగట్టి, పార్లమెంటు సభ్యుల చుట్టూ తిరిగారు. 1935 జూన్‌లో చట్టం వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన ఆసియావారు, జాతితో నిమిత్తం లేకుండా పౌరులు కావచ్చు. ఇంత చేసిన స్లోకమ్‌ను కూడా రెండో ప్రపంచయుద్ధంలో తోటి జపనీయులతో పాటు మాంజనార్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. మధ్యలో ఇలాంటి అడుగులు వెనక్కి పడుతూనే ఉంటాయని దీనివల్ల తెలుస్తుంది.

1936లో న్యూయార్క్‌లో థింద్ మూడోసారి అమెరికా పౌరుడయ్యారు. మొదటి పత్రం చేతికొచ్చిన పద్దెనిమిదేళ్ళకు. ఈసారి ఎవరూ లాక్కోలేదు. 1940లో వివియన్ డేవీస్‌ను వివాహం చేసుకుని ఇక్కడే కుటుంబజీవితం గడిపారు.

మిగిలిన భారతీయులకు ఇంకో పదేళ్ళు పట్టింది. 1946 జూలై 2న లూస్-సెల్లర్ చట్టం వచ్చింది. ఏడాదికి వందమంది భారతీయులు వలస రావచ్చు, ఇక్కడున్నవారు పౌరులు కావచ్చు. విచిత్రంగా అదే ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మాకింటోష్ తీర్పును కూడా తోసిపుచ్చింది. మనస్సాక్షి ఒప్పక ఆయుధం పట్టనన్నవాడు కూడా వేరే విధంగా దేశసేవ చేసే మంచి పౌరుడు కాగలడంది. రెండు తలుపులూ ఒకే ఏడాది తెరుచుకున్నాయి. మనం చేసే ప్రమాణంలో ఆయుధం పట్టడం, సైన్యంలో ఆయుధం లేని సేవ, దేశానికి అవసరమైన పౌరసేవ అనే మూడు మాటలూ ఉండడం వెనుక ఇంత చరిత్ర ఉంది. 1949లో పౌరుడైన దలీప్ సింగ్ సౌంద్ 1956లో కాలిఫోర్నియా నుంచి అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు.

1965లో కొత్త వలస చట్టం వచ్చింది. ఆ తర్వాతే మన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు విమానాలు దిగడం మొదలుపెట్టారు. థింద్ 1967 సెప్టెంబరు 15న కన్నుమూశారు. మొదటి వరుసలో వచ్చిన మన పెద్దలు ఇక్కడ తొలి అపార్ట్‌మెంట్లు వెతుక్కుంటున్న రోజులవి. వారిలో చాలామందికి ఆయన పేరు తెలిసి ఉండదు. మనకు తెలియకపోవడానికి మాత్రం కారణం లేదు.

మన పిల్లల్లో సైన్యంలో చేరేవారు ఉంటారు, చేరనివారు ఉంటారు. ఏ యుద్ధమైనా న్యాయమైనదేనా అని ముందు ఆలోచించేవారూ ఉంటారు. ముగ్గురికీ ఈ దేశపు ప్రమాణంలో చోటుంది. థింద్ క్యాంప్ లూయిస్‌లో తుపాకీ పట్టినది అయిదు నెలలకు తక్కువే. కోర్టు మెట్లెక్కి దిగినది, చట్టం మారేదాకా ఓపిక పట్టినది పద్దెనిమిదేళ్ళు. దేశం కోసం పోరాడటమంటే ఏమిటని పిల్లలు అడిగినప్పుడు, ఆ అయిదు నెలలతో పాటు ఈ పద్దెనిమిదేళ్ళ గురించి కూడా చెబుదాం. ఓటు హక్కు ఉన్నవాళ్ళం ఎన్నికల రోజున ఇంట్లో కూర్చోకుండా ఉంటే, ఆయనకు మనం చెల్లించగల కనీసపు బాకీ తీరినట్టవుతుంది.